గెడ్డ దాటాక ఎటు?

కొండ తోవల్లో కొత్తవాళ్ళు ఎక్కువగా దారి తప్పేది గెడ్డ, అంటే కొండవాగు, దాటిన చోట. ఇవతలి గట్టు దాకా స్పష్టంగా కనిపించిన కాలిబాట నీళ్ళలో దిగగానే మాయమైపోతుంది. అవతల రాళ్ళు, ఇసక, పశువులు నీళ్ళకు దిగిన జాడలు నాలుగైదు. అందులో మనుషులు నడిచే తోవ ఏది? సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, సాలూరు కొండల మీద పుట్టి పెరిగిన సవరలకు, జాతాపులకు ఇది ప్రశ్నే కాదు. పశువుల బాట వెడల్పుగా మొదలై, మేత దొరికిన చోట పలచబడి చెదిరిపోతుంది. మనుషుల బాట సన్నగా ఒకే వరసన పోతుంది. కావిడి మోసేవాళ్ళ బాటైతే నిట్టనిలువుగా ఎక్కదు, ఏటవాలుగా కొండను చుట్టుకుంటూ పోతుంది. దాని పక్కన బరువు దించి భుజం మార్చుకోడానికి వీలైన బండ ఒకటి ఎక్కడో తగులుతుంది. ఎంతమంది కూర్చున్నారో, ఆ బండ పైభాగం నున్నగా అరిగిపోయి ఉంటుంది. అలాంటి బండ కనబడిందంటే సరైన తోవలోనే ఉన్నామని ధైర్యం.

వెనక వచ్చేవాళ్ళకు గుర్తు విడిచి వెళ్ళాల్సి వస్తే కొండ నడక తెలిసినవాళ్ళు చేసే పని చాలా తేలిక. చీలిక దగ్గర ఆకులున్న పచ్చి కొమ్మ ఒకటి విరిచి, పోకూడని బాటకు అడ్డంగా పడేస్తారు. అంతే. ఈ గుర్తు వెళ్ళాల్సిన దారిని చూపించదు, తప్పు దారిని మూసేస్తుంది. పైగా దానిలో కాలం కూడా ఉంటుంది. ఆకు నిగనిగలాడుతూ ఉంటే ముందు జట్టు ఇప్పుడే వెళ్ళింది, కేకేస్తే వినపడుతుంది. అంచులు ముడుచుకుంటే ఎండెక్కక ముందే వెళ్ళారు. పూర్తిగా ఎండిపోయిన కొమ్మను నమ్మకూడదు, అది నిన్నటి ఎవరి అవసరమో. దారి, సమయం రెండూ చెప్పే ఇంత చవకైన గుర్తును నేను వేరే ఎక్కడా చూడలేదు.

కాలిబాటలకు ఒక పద్ధతి ప్రకారం రంగుల గుర్తులు వేసే దేశాలు చాలా ఉన్నాయి. ఫ్రాన్సులో 1947లో మొదలైన దూరపు కాలిబాటలకు తెలుపు కింద ఎరుపు, రెండు అడ్డగీతలు వేస్తారు. పోకూడని దారి మొదట్లో అవే రెండు రంగుల్ని ఇంటూ గుర్తుగా గీస్తారు. మన కొండమీది పచ్చి కొమ్మ చేసే పనే అది. అమెరికాలో 1937లో పూర్తయిన అపలాచియన్ బాట జార్జియా నుంచి మెయిన్ దాకా 2,190 మైళ్ళకు పైనే. చెట్ల బోదెల మీద రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల ఎత్తున తెల్లటి పట్టీలు దారి పొడవునా కనిపిస్తాయి. ఒకదానిపైన ఒకటిగా రెండు పట్టీలుంటే మలుపు రాబోతోందని అర్థం. స్పెయిన్‌లో శాంటియాగో యాత్రికుల దారికి పసుపు బాణాలు వేసింది ఎలియాస్ వలీనా అనే ఊరి చర్చి ఫాదరు, 1980లలో. ఈ పద్ధతులన్నిటి వెనకా ఉన్న నియమాలు కొన్నే. చీలిక రాకముందే హెచ్చరించాలి, చీలిక దగ్గర చూపించాలి, దాటిన కాస్త దూరానికి మరో గుర్తు పెట్టి సరిగ్గానే వచ్చావని చెప్పాలి. వెళ్ళేవాడికీ వచ్చేవాడికీ విడివిడిగా కనపడాలి. అన్నిటికన్నా కష్టమైనది ఆఖరిది: ఏటా ఎవరో ఒకరు నడిచి, చెరిగిన గుర్తుల్ని మళ్ళీ వెయ్యాలి. అపలాచియన్ బాటను ఇప్పటికీ కాపాడుతున్నది ఎక్కువగా స్వచ్ఛందంగా పనిచేసే నడకసంఘాలే.

మైదానంలో మన సంప్రదాయం వేరు. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం మీదుగా దక్షిణానికి సాగే తీరపు దారి జగన్నాథానికి, కాశీకి వెళ్ళొచ్చే యాత్రికుల దారి. ఇక్కడ దారిగుర్తంటే నీడ, నీళ్ళు, పడుకోడానికి చోటు. ఇచ్ఛాపురానికి ఉత్తరాన, గంజాం జిల్లా జౌగడ బండ మీద అశోకుడు చెక్కించిన శాసనాల్లో దారుల వెంట బావులు తవ్వించడం, చెట్లు నాటించడం గురించి ఉంది. మనుషుల కోసం, పశువుల కోసం అని అందులో స్పష్టంగా చెప్పాడు. రెండువేల ఏళ్ళు దాటాక కూడా పద్ధతి పెద్దగా మారలేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయల్దేరి కాశీ వెళ్ళి, తిరుగు ప్రయాణంలో పూరీ చూసుకుని ఈ తీరం వెంటే దిగి, 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరాడు. మజిలీ మజిలీకీ ఊరు, దూరం, నీళ్ళు, సత్రం, దొరికే సరుకులు రాసుకుంటూ వెళ్ళాడు. అలా పుట్టిన ‘కాశీయాత్ర చరిత్ర’ను యాత్రాసాహిత్యంగా మాత్రమే చదివితే సగమే చదివినట్టు. అది తర్వాత వెళ్ళేవాళ్ళ కోసం మాటల్లో పాతిన మైలురాళ్ళ వరస.

అదే దారి ఇంకో నడకను కూడా చూసింది. ఆంధ్ర రైతు సంఘం పిలుపు మీద ఇచ్ఛాపురంలో మొదలైన రైతుల యాత్ర తొమ్మిది జిల్లాల గుండా 130 రోజులు, 1,500 మైళ్ళు నడిచి, 1938 మార్చి 27న మద్రాసు శాసనసభకు వెయ్యికి పైగా అర్జీలు అందించింది. బాహుదా, మహేంద్రతనయ, వంశధార, నాగావళి, చంపావతి, గోస్తని, ఈ ఏరులన్నీ ఆ దారికి అడ్డం పడేవే. అయినా అంతమంది నడవగలిగారంటే దారి పొడవునా ఊళ్ళు నిలబడి అన్నం పెట్టాయి కాబట్టే.

ఇప్పుడా దారి జాతీయ రహదారి 16. నాలుగు వరసలై, కొంత మేర ఆరు వరసలైన రోడ్డు మీద నడిచేవాడికి చోటు లేదు. విస్తరణలో సాలుచెట్లు పోయాయి. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల్ని కూల్చేసింది. ‘ఫలానా పనసచెట్టు దగ్గర ఎడమకి తిరుగు’ అని దారి చెప్పడం ఒక్క రాత్రిలో పనికిరాకుండా పోయింది. చెట్టు గుర్తుగా ఉన్నంతకాలం దాని బదులు మరొకటి నాటుతూ ఉండాలన్న బాధ్యతను మనం ఎప్పుడో వదిలేశాం.

గుర్తు కనుమరుగైతే మనుషులే దారి చూపుతారు. సింహాచలం గిరిప్రదక్షిణ సంగతి చూడండి. విజయనగరం పూసపాటివారు వంశపారంపర్య ధర్మకర్తలుగా ఉన్న ఆ గుడి చుట్టూ ఆషాఢ పున్నమికి 32 కిలోమీటర్లు నడవడానికి శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి జనం కదిలొస్తారు. కొండ దిగువ తొలిమెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి అడవివరం, ముడసర్లోవ, హనుమంతువాక, అప్పూఘర్, మాధవధార, ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగా తిరిగొస్తారు. ఈ నడకకున్న ముఖ్యమైన గుర్తు కొండే. ప్రదక్షిణ కాబట్టి కొండ ఎప్పుడూ కుడిచేతివైపు ఉండాలి. సముద్రం వైపుకి వెళ్ళాక నగరం కమ్మేసి సింహాచలం కొండ కళ్ళకి కనపడదు. అక్కడ వరస లైట్లు, మజ్జిగ పోసే పందిళ్ళు, ముందు నడిచేవాళ్ళ వీపులే దారి.

మహాశివరాత్రికి మహేంద్రగిరి ఎక్కేవాళ్ళకూ ముందు నడిచేవాళ్ళే దిక్కు. 1,501 మీటర్ల ఎత్తున్న ఆ శిఖరం ఒడిశా గజపతి జిల్లాలో ఉంది. కుంతి, ధర్మరాజు, భీముడి పేర్లున్న రాతి గుళ్ళ దాకా మందస వైపు నుంచి జనం కాలినడకన ఎక్కుతారు. ఆ రోజు తప్పిపోవడం కష్టం. కానీ జనం తమ వెనక గుర్తేమీ మిగల్చరు. వానాకాలం వచ్చి గడ్డి నిలువెత్తు పెరిగితే, పండగనాడు వేలమంది తొక్కిన బాట కూడా కప్పుబడిపోతుంది. కొండమీదివాళ్ళు తోడుంటే తప్ప ఎక్కలేం.

ఈ తోవలకు గుర్తులు కావాలన్నప్పుడు నా మనసులో ముందు మెదిలేది ట్రెక్కింగుకి వచ్చేవాళ్ళు కాదు. రోడ్డు లేని గూడ నుంచి నిండు గర్భిణిని డోలీలో మోసుకుంటూ రాత్రిపూట దిగేవాళ్ళకు అంబులెన్సు ఎదురెళ్ళాలి. ఆ అంబులెన్సు డ్రైవరు కొత్తవాడు కావచ్చు. ఎన్నికల పెట్టెలు మోసుకెళ్ళే ఉద్యోగి, బదిలీ మీద వచ్చిన టీచరు, టీకాలు పట్టుకెళ్ళే నర్సు, వీళ్ళందరూ చీలిక దగ్గర ఆగి ఎవరైనా వస్తారేమోనని చూసేవాళ్ళే. అక్కడ పుట్టినవాడికి గుర్తు అక్కర్లేదు. గుర్తు పెట్టడమంటే రాబోయే పరాయివాడికి ముందే పలకరింపు అందించడం.

పెద్ద ఖర్చు కూడా కాదు. ప్రతి చీలికకు ముందొకటి, దాటాక ఒకటి, గెడ్డకు రెండు గట్ల మీదా ఒక్కొక్కటి రాయి పాతాలి. వరద అందని ఎత్తులో పాతాలి. గూడ పేరు రెవెన్యూ రికార్డులో ఉన్నట్టు కాకుండా, అక్కడివాళ్ళు పిలుచుకునేలా చెక్కాలి. శ్రీముఖలింగం పక్క పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి సవరల మాటల్ని వాళ్ళ నోటి నుంచే నేర్చుకుని నిఘంటువు కట్టారు. ఊళ్ళ పేర్లకూ అదే పద్ధతి కావాలి. సరిహద్దు తోవల్లో తెలుగు, ఒడియా, వాటితోపాటు 1936లో మంగేయి గొమాంగో సవర భాషకు రూపొందించిన సొరాంగ్ సోంపెంగ్ లిపి ఉండాలి. ఎక్కడ పాతాలో ఇంజనీరు చెప్పక్కర్లేదు, సంతకు దిగే కావిడివాళ్ళను అడిగితే చాలు. బండలు ఎక్కడున్నాయో వాళ్ళకు తెలుసు.

పని మొదలుపెట్టడానికి పుష్యమాసం మంచిది. వానలు వెనకబడి గడ్డి ఎండుతుంది, గెడ్డలు మోకాలి లోతుకి దిగుతాయి, బండ మీద తడి ఆరి రంగు పట్టుకుంటుంది. మాఘం చివర శివరాత్రికి మహేంద్రగిరి తోవ మొదట సిద్ధమైతే, ఎక్కేవాళ్ళే దాన్ని తనిఖీ చేసి ఎక్కడ గుర్తు చాల్లేదో దిగొచ్చి చెబుతారు.