మెట్లు లేని మంద్రం

తీగ వాద్యం అనగానే మన చేయి ముందుగా వెతికేది మెట్లను. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ తెచ్చిపెట్టిన కిన్నెరను అందరూ పన్నెండు మెట్ల కిన్నెర అనే పిలుస్తారు. వెదురు దండి, ఎండిన సొరబుర్రలు, తేనె మైనంతో అతికించిన మెట్లు, వాయించేవాడే చేసుకున్న వాద్యం అది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు పనసకర్రతో చెక్కే వీణకు మెట్లు ఇరవై నాలుగు. ఆ లెక్క స్థిరపడింది 17వ శతాబ్దపు తొలినాళ్లలో, తంజావూరును ఏలిన తెలుగు రాజు రఘునాథ నాయకుని కాలంలో అని చెబుతారు. అంటే ఎక్కడ వేలు పెట్టినా స్వరం తప్పకుండా చూసే ఏర్పాటు మన దగ్గర కనీసం నాలుగు వందల ఏళ్లుగా ఉంది.

ఈ పరిచయం ఆ ఏర్పాటును పూర్తిగా వదులుకున్న వాద్యం గురించి. చేత్తో చేసిన, కరెంటుతో పనిలేని, మెట్లు లేని బాస్ గిటార్. దీన్ని చేసే పనితనంలో నాకు కనిపించే గొప్ప ఏమిటంటే, మెట్లు తీసేసినందుకు పని ఏమాత్రం తగ్గదు. మెట్లు మోసిన బరువంతా పలక మీద కొంత, వేలి మీద కొంత, చెవి మీద మరికొంత పడుతుంది. చేసేవాడు తన వంతు సరిగా మోస్తేనే వాయించేవాడు తన వంతు మోయగలడు.

ముందు చరిత్ర కొంచెం. మెక్సికోలో మరియాచి బృందాల వెనక పెద్ద పొట్టతో కనిపించే గిటరోన్ అనే వాద్యం ఉంది. ఆరు తీగలు, మెట్లు లేవు, వెనక భాగం కుండలా ఉబికి ఉంటుంది. వాయించేవాడు ఒక స్థాయి తేడా ఉన్న రెండు తీగలను ఒకేసారి లాగి, గుంపులో కూడా మంద్రం వినిపించేట్టు చేస్తాడు. కరెంటు బాస్ కథ వేరు. 1951లో లియో ఫెండర్ తీసుకొచ్చిన ప్రెసిషన్ బాస్ ప్రధాన ఆకర్షణే మెట్లు: నిలువెత్తు డబుల్ బాస్ మీద స్వరం వెతుక్కునే శ్రమ పోయింది. పదేళ్లు తిరిగేసరికి, 1961లో, తర్వాత రోలింగ్ స్టోన్స్‌లో చేరిన బిల్ వైమన్ తన చవక బాస్ మెట్లు పీకేశాడు. కొత్తవి వేద్దామనుకున్నవాడు ఆ నాదం విని అలాగే ఉంచేశాడు. బాస్ కళాకారుడు జాకో పాస్టోరియస్ 1962 నాటి ఫెండర్ జాజ్ బాస్‌కు మెట్లు తీసి, గాడులు పూడ్చి, పైన పడవలకు పూసే ఎపాక్సీ పూశాడు. 1976లో వచ్చిన అతని తొలి ఆల్బం విన్నాక ప్రపంచమంతా బాస్ వాయించేవాళ్లు తమ మెట్ల వైపు అనుమానంగా చూసుకున్నారు. ఇక గిటార్‌లాగే డొల్ల పెట్టెతో, తనంతట తానే మోగే బాస్‌ను ఎర్నీ బాల్ 1972లో ఎర్త్‌వుడ్ పేరుతో తెచ్చాడు. మామూలు గిటార్ కంటే చాలా వెడల్పు, చాలా లోతు. అంత పెద్ద పెట్టె ఎందుకు కావలసి వచ్చిందో చెబితే సగం పని అర్థమవుతుంది.

బాస్ గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. మామూలు గిటార్ లావు తీగ 82 సార్లు. సరిగ్గా ఒక స్థాయి కింద. 41 కంపనాల ధ్వని గాలిలో ఒక అల పూర్తిచేయడానికి ఎనిమిది మీటర్ల పైన దూరం తీసుకుంటుంది. ఒళ్లో పట్టే పెట్టెతో అంత పెద్ద అలను గట్టిగా పుట్టించడం సాధ్యం కాదు. సాధారణ గిటార్ పెట్టెలోని గాలి బాగా స్పందించేది 100 కంపనాల దగ్గర. అంతకన్నా కిందికి పోయేకొద్దీ పెట్టె సహకారం తగ్గిపోతుంది. అందుకే చేసేవాళ్లు పెట్టె లోతు పెంచుతారు, పై పలకను వదులుగా ఊగనిస్తారు. మిగిలిన లోటును మన చెవే తీరుస్తుంది. తీగలో మూల స్వరంతో పాటే పుట్టే 82, 123, 164 కంపనాల అనుస్వరాలు కలిసి వినపడితే, వాటి మూలమైన 41 అంతంత మాత్రంగా ఉన్నా మనకు వినిపించినట్టే ఉంటుంది. మంచి తయారీదారు ఈ సంగతి తెలిసి పలకను చెక్కుతాడు. మూల స్వరం కోసం పెనుగులాడకుండా దానిపైన ఉన్న రెండు మూడు అనుస్వరాలు నిండుగా వచ్చేలా చూసుకుంటాడు.

పై పలక స్ప్రూస్. మందం మూడు మిల్లీమీటర్ల లోపు. నాలుగు తీగలూ కలిసి దాన్ని డెబ్బై ఎనభై కిలోల బలంతో లాగుతుంటాయి. అంత సన్నని చెక్క ఆ లాగుడుకు విరగకూడదు, వంగిపోకూడదు, అయినా తేలిగ్గా కంపించాలి. దానికి లోపల అతికించే సన్నని బద్దల్లోనే కిటుకంతా ఉంది. బద్ద మరీ లావైతే పలక మూగబోతుంది. మరీ సన్ననైతే ఏడాదికే తీగలు ఆనే గుర్రం దగ్గర పొట్ట వస్తుంది. ఎంత చెక్కాలో ఏ పుస్తకమూ చెప్పలేదు. పలకను రెండు వేళ్లతో అంచు దగ్గర పట్టుకొని, బొటనవేలి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టుకొని వింటారు. ఉలితో ఒక పొర తీసి మళ్లీ తడతారు. చప్పుడు పొడిగా ఆగిపోకుండా కాస్త సాగే దాకా ఇదే పని. మద్దెలకు కరణ పెట్టేవాళ్లకు తెలిసిన చదువే ఇది.

పక్క పలకలు రెండు మిల్లీమీటర్లకు చిత్రిక పట్టి, తడిపి, కాలే ఇనుప గొట్టం మీద వంచుతారు. గొల్లపల్లి వీణ కుండను తొలిచే పద్ధతికి ఇది పూర్తిగా ఎదురు దారి. అక్కడ మాను నుంచి అక్కర్లేని కర్రను తీసేస్తూ పోతారు, ఇక్కడ కాగితాల్లాంటి చెక్కలను కలుపుతూ పోతారు.

కర్ర విషయంలో మా నిజామాబాద్ జిల్లా వాళ్లకు రెండు మాటలు చెప్పాలి. మన వైపు టేకు పక్కలకూ వెనక పలకకూ పనికొస్తుంది. కాకపోతే దానిలో సహజంగా ఉండే నూనె బంకను పట్టనివ్వదు, అతికించే ముందు థిన్నర్‌తో తుడిచి వెంటనే బంక పూయాలి. రెండోది ఎండ. మే నెలలో 45 డిగ్రీలు, ఆ తర్వాత వాన, గోదావరి పక్క తేమ. కర్ర పొడవునా పెద్దగా మారదు, అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. వానల్లో అతికించిన పలక ఎండాకాలంలో పగులుతుంది. నేను ఇది రాస్తున్న ఈ జిల్లా నవీపేట్‌లో ఈ పని చేయాలనుకునేవాళ్లు అటు ఎండా ఇటు ముసురూ లేని రోజులు చూసుకొని పలకలు అతికించాలి.

ఇప్పుడు దండి మీది పలక. నా దృష్టిలో మెట్లు లేని బాస్ అంటే ఇదే, మిగతాదంతా దీనికి ఆసరా. మెట్లున్న గిటార్‌లో వేలి కింద చెక్క ఎలా ఉన్నా పెద్ద తేడా ఉండదు. తీగ తాకేది లోహాన్ని. మెట్లు లేనప్పుడు తీగ నేరుగా చెక్కను తాకుతుంది. కనుక ఆ చెక్క గట్టిగా, నునుపుగా, పొడవునా ఒకే తీరుగా ఉండాలి. దీనికి ప్రపంచమంతా వాడేది నల్లచేవ కర్ర, ఎబొనీ. ఆ ఎబొనీ వంశంలోదే మన తునికి చెట్టు. నిజామాబాద్ ఇళ్లలో లక్షల చేతులు బీడీలుగా చుట్టే ఆకు దానిదే. ముసలి తునికి చెట్టు నడుమ చేవ నల్లగా తిరుగుతుంది. బాస్ పలకకు కావలసిన డెబ్బై సెంటీమీటర్ల తిన్నని చేవ ముక్క దొరకడం కష్టమే గాని, దొరికితే దాని ముందు దిగుమతి కర్ర దిగదుడుపు అని నా నమ్మకం. తునికి దొరకకపోతే జిట్రేగి ఉంది.

ఆ పలకను చదును చేయడం చూడదగ్గ పని. చిత్రిక పట్టాక పొడవాటి ఉక్కు స్కేలును దాని మీద నిలబెట్టి, అవతలి నుంచి దీపం పెట్టి చూస్తారు. స్కేలు కింద నుంచి వెలుగు వచ్చిన చోటల్లా గుంట ఉన్నట్టు. వెలుగు రాని చోటు మిట్ట. మిట్టను గరుకు కాగితంతో రెండు మూడు సార్లు రుద్ది మళ్లీ స్కేలు. వెంట్రుకంత మిట్ట ఉన్నా ఆ చోట తీగ గరగరలాడుతుంది. దండి లోపల పొడవునా దాచిన ఉక్కు కడ్డీని బిగించీ వదిలీ దండి వంపును సరిచేయవచ్చు, అయినా కడ్డీ పలక తప్పులను దిద్దలేదు. పై కొసన తీగలు కూర్చునే గాడి కూడా మెట్ల గిటార్ కంటే బాగా కిందికి దిగాలి, తీగకూ పలకకూ మధ్య కాగితం దూరే సందు చాలు.

ఇంత చదును ఎందుకంటే, ఆ తాకిడిలోనే ఈ వాద్యం గొంతు ఉంది. వేలు నొక్కిన చోటు నుంచి తీగ పైకి లేచేటప్పుడు మొదటి కొద్ది దూరం పలకను సన్నగా ఒరుసుకుంటూ కంపిస్తుంది. ఆ ఒరిపిడి వల్ల స్వరం మెత్తగా మొదలై, మధ్యలో విచ్చుకొని, నోరు తెరిచి పాడినట్టు సాగుతుంది. బాస్ వాయించేవాళ్లు దాన్ని 'మ్వా' అంటారు. మనకిది కొత్త నాదం కాదు. తంబుర గుర్రం చదునుగా ఉండి, తీగ కింద దారప్పోగు పెట్టి జీవ తీస్తారు చూడండి, అక్కడ జరిగేదీ ఇదే. వీణ, తంబురల గుర్రాల ఈ గుణాన్ని సి.వి. రామన్ 1921లోనే పరిశీలించి, అక్కడ పుట్టకూడని అనుస్వరాలు కూడా ఎలా పుడుతున్నాయో రాశాడు. తంబురలో జీవ గుర్రం దగ్గర కదలకుండా ఉంటుంది. మెట్లు లేని బాస్‌లో అది వేలితో పాటు పలకంతా తిరుగుతుంది. ఈ ఒక్క తేడా నన్ను ఈ వాద్యం వైపు లాగింది.

వాయించడానికొస్తే, వేలే మెట్టు. తీగ పొడవు మామూలుగా 86.4 సెంటీమీటర్లు. పై కొస నుంచి మొదటి అర స్వరం 4.85 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. సగం దాకా వచ్చేసరికి అర స్వరానికీ అర స్వరానికీ ఎడం 2.6 సెంటీమీటర్లకు తగ్గుతుంది. పై కొస దగ్గర వేలు ఒక మిల్లీమీటరు జరిగితే ఎవరికీ తెలియదు. సగం దగ్గర అదే జరుగుడు రెండింతల తప్పు. అయిదు మిల్లీమీటర్లు జరిగితే పక్కనున్న పాటగాడు తల తిప్పి చూస్తాడు. మెట్ల గిటార్‌లో వేలును మెట్టు వెనక పెడతాం. ఇక్కడ మెట్టు ఉండవలసిన చోటే పెట్టాలి. చాలామందికి ఎక్కువ కాలం పట్టేది ఈ అలవాటు మార్చుకోవడానికే.

కొందరు మెట్ల స్థానాల్లో సన్నని తెల్ల చెక్క గీతలు పొదిగిస్తారు. మొదట్లో అవి ఆదుకుంటాయి. నేనైతే గీతల్లేని నల్ల పలకకే ఓటు వేస్తాను. పక్క అంచు మీద చిన్న చుక్కలు చాలు. గీతలుంటే కన్ను చెవి పని లాక్కుంటుంది. సరిగ్గా గీత మీదే వేలు పెట్టినా, వేలి మందం వల్లా తీగ వంగడం వల్లా స్వరం కాస్త జరగవచ్చు. దాన్ని పట్టేది చెవి ఒక్కటే.

ఇక్కడ మన సంగీతం విన్నవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. వీణ మీద గమకం కావాలంటే మెట్టు మీద తీగను పక్కకు లాగుతాం. మెట్లు లేనప్పుడు తీగ వెంబడే వేలిని జరిపితే సరిపోతుంది. ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) వయొలిన్ మీద చేసింది అదే. జారు, కంపితం ఈ పలక మీద ఎంతో సహజంగా కుదురుతాయి. తీగ బరువు వల్ల ద్రుతంలో మాత్రం తడబడుతుంది. విలంబంలో రెండు స్వరాల మధ్య జారుతూ ఆగడం దీనికి బాగా తెలిసిన పని. ఇళయరాజా పాటల్లో బాస్ గిటార్ నడకలు గుర్తుపట్టి ఆనందించే తెలుగు శ్రోతకు, ఆ నడక మెట్లు దాటి పారితే ఎలా ఉంటుందో ఊహించుకోవడం కష్టం కాదు.

దీని హద్దు కూడా చెప్పాలి. ఈ వాద్యం మెల్లగా పలుకుతుంది. ఒక కంఠం, ఒక గిటార్, లేదా ఒక వయొలిన్ పక్కన నిండుగా ఉంటుంది. డప్పు పక్కన అసలు వినిపించదు. అక్కడ గుర్రం కింద పికప్ పెట్టక తప్పదు, పెట్టడంలో చిన్నతనమూ లేదు. తీగలు నునుపైనవో, నైలాన్ పట్టీ చుట్టినవో వేస్తే పలక ఏళ్ల తరబడి నిలుస్తుంది. గరుకు తీగలు ఎబొనీని సైతం గాడులు పడేట్టు అరగదీస్తాయి. ఒకప్పుడు వయొలిన్, డబుల్ బాస్ వంటి వాద్యాల తీగలను చాలావరకు గొర్రెల పేగులతో చేసేవారు. శనివారం శనివారం మేకలు, గొర్రెల సంత జరిగే ఈ నవీపేట్‌లో కూర్చొని రాస్తున్నప్పుడు ఆ మాట గుర్తుకు రాక మానదు.

నవీపేట్ నుంచి రైల్లో కాసేపు పోతే బాసర. అక్షరాభ్యాసానికి పిల్లల్ని ఎత్తుకొని పోయే ప్రతి ఇంటికీ సరస్వతి చేతిలోని వీణ తెలుసు. మైనంతో మెట్లు కూర్చి మేళం కట్టే చేతులు, జీవ తీసే చెవులు తెలుగు నేల మీద ఇంకా ఉన్నాయి. మెట్లు లేని బాస్‌కు కావలసిన విద్య అంతా వాటి దగ్గరే ఉంది. వీణలు చేసేవాళ్లూ, నిజామాబాద్‌లో టేకు పని చేసే వడ్లవాళ్లూ ఏడాదికి ఒక్కటైనా చేసి చూడాలని నా కోరిక.

మొదలుపెట్టాలనుకునే కుర్రవాళ్లు ఏకంగా పెట్టె కట్టబోకండి. మూలన పడేసిన పాత బాస్ గిటార్ ఒకటి తీసుకోండి. సోల్డరింగ్ ఐరన్‌తో మెట్టును వేడి చేసి, పటకారుతో ఒక కొస నుంచి మెల్లగా లేపండి. గుంజితే చెక్క పెచ్చులూడుతుంది. గాడుల్లో సన్నని చెక్క పొర దూర్చి బంక పోసి, ఆరాక చదును చేయండి, దీపం పెట్టి చూడండి. నునుపు తీగలు వేసి, పక్కన తంబుర మోగిస్తూ షడ్జం, పంచమం రెండే పట్టండి. ఆ రెండూ కళ్లు మూసుకొని కుదిరిన తర్వాతే కర్ర కొనండి.