వాకిట వ్రాసిన మాట

అహోరాత్రము ఎందరి కార్యములనో మోయుచున్న లినక్స్ సర్వరును, లాగిన్ వాకిట కనిపించు నాలుగు పంక్తులు మార్చుటకై రీబూట్ చేయవలెనని ఎవరైన సలహా చెప్పినప్పుడు నా మనస్సు నొచ్చుకొనును. ఏలయన ఆ వాక్యములు కెర్నెల్ గర్భమున లేవు, సామాన్యమైన టెక్స్ట్ ఫైళ్లలో ఉన్నవి, వానిని ఎవరు ఏ క్షణమున చదువుదురో ఎరుగుటయే ఇందలి విద్య.

కన్సోలు ఎదుట కూర్చున్నవానికి లాగిన్‌కు ముందు కనబడునది ఈటీసీ డైరెక్టరీలోని ఇష్యూ ఫైలు. దానిని చదివి తెరపై నిలుపునది అగెట్టీ అను ప్రోగ్రాము. ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా దూరమునుండి వచ్చువానికి పాస్‌వర్డుకు పూర్వము కనబడునది, ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్‌లో బ్యానర్ అను పంక్తి చూపిన ఫైలు. ఎంఓటీడీ అను నాటి సందేశము, లాగిన్ అయి లోనికి వచ్చిన పిమ్మటనే దర్శనమిచ్చును.

ఎస్‌ఎస్‌హెచ్‌డీ బ్యానరు ఫైలును ప్రతి కొత్త కనెక్షనుకును మరల తెరచి చదువును గనుక, పాఠమును మార్చి సేవ్ చేసిన మరుక్షణము నుండి వచ్చువారందరు నూతన వాక్యమునే చూతురు. సర్వీసును కదిలింప నక్కరలేదు. కాన్ఫిగ్‌లో ఫైలు పేరునే మార్చినప్పుడు మాత్రము రీలోడ్ అవసరము. అప్పుడును ఎస్‌ఎస్‌హెచ్‌డీకి గల టీ ఆప్షనుతో కాన్ఫిగ్‌ను ముందుగా పరీక్షింపవలెను, లేనియెడల ఒక్క అక్షరదోషమునకు సర్వీసు ఆగిపోయి కొత్తవారికి ద్వారము మూతపడవచ్చును. లోపల పనిచేసికొనుచున్నవారి సెషన్లు, వానిని వేరు ప్రాసెస్‌లు నడుపుచున్నందున, చెక్కుచెదరవు.

ఇష్యూ ఫైలులో బ్యాక్‌స్లాష్ వెంట ఎన్ వ్రాసినచో అగెట్టీ దానిని హోస్ట్‌నేముగ, ఆర్ వ్రాసినచో కెర్నెల్ రిలీజుగ మార్చి చూపును. అదే ఫైలును బ్యానరుగ నిలిపినచో, ఆ సంకేతములను ఎస్‌ఎస్‌హెచ్‌డీ ఎరుగదు గనుక, వచ్చినవాని ఎదుట ఆ గీతయు ఆ అక్షరమును యథాతథముగ నిలుచును. కెర్నెల్ వివరమును అపరిచితునికి చెప్పుటయే అనుచితమని నా అభిప్రాయము.

కన్సోలుపై పాత పాఠము నిలిచియున్నచో అగెట్టీకే రీలోడ్ ఆప్షను కలదు. ఉబుంటులో ఎంఓటీడీ కొరకు పామ్ అను లాగిన్ ధ్రువీకరణ వ్యవస్థ కొన్ని స్క్రిప్టులను లాగిన్ సమయమున రూట్ అధికారముతో నడుపును. వానిలో మందగమనపు స్క్రిప్టు ఒకటి యున్నను లాగిన్ ఆలస్యమగును.

ఇక వ్రాయవలసిన మాట. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టమున 43వ సెక్షను అనుమతి లేని ప్రవేశమును గూర్చి చెప్పుచున్నది; కావున అనుమతి పొందినవారికే ప్రవేశమనియు, చర్యలు నమోదగుననియు బ్యానరులో నిర్ద్వంద్వముగ తెలుపుట, స్వాగతము పలుకుట కంటె మేలు. ఆదివారపు మెయింటెనెన్స్ ప్రకటన బుధవారమునను అచ్చటనే నిలిచియుండుట నాకు సహింపరానిది. మార్చినవాడు తన సెషనును మూయక, వేరొక విండో నుండి కొత్తగా లాగిన్ అయి, తాను వ్రాసినదానిని మొదటినుండి తుదివరకు అపరిచితుని కన్నులతో ఒకమారు చదువవలెను.