బెరడుకీ మానుకీ నడుమ

కడియం నర్సరీల్లో వానాకాలం వస్తే పాకల కింద చోటుండదు. వరసగా పాలిథీన్ సంచుల్లో మామిడి మొక్కలు, వాటి మధ్య గోనెపట్టా వేసుకుని కూర్చున్న మనుషులు, ఒక్కొక్కరి ఒళ్లో ఒక కత్తి. కిందటేడు ఒక పూటంతా వాళ్లలో ఒకాయన పక్కన కూర్చుని అంటు కట్టడం చూశాను. ఒక్కో అంటుకి ఆయనకి పట్టేది రెండు మూడు నిమిషాలు. నాకు అర్థం కావడానికి ఆ పూటంతా పట్టింది.

వేరు మొక్క నాటు మామిడి టెంక నుంచి మొలిచింది. కాండం పెన్సిలంత లావు. నేల నుంచి జానెడు ఎత్తున దాన్ని అడ్డంగా కోసేశాడు. పచ్చటి తల పోయి మోడు మిగిలింది. ఆ మోడు నడినెత్తిన కత్తి ఆనించి అంగుళమున్నర లోతున నిలువుగా చీల్చాడు. పక్కనే తడిగుడ్డలో బంగినపల్లి పుల్లలున్నాయి. తల్లిచెట్టు మీద ఉండగానే, కోయడానికి వారం పది రోజుల ముందు వాటి ఆకులు తుంచేసి తొడిమలు మాత్రం వదిలేస్తారట. ఆకులు పోయేసరికి కొనమొగ్గ మేలుకుని ఉబ్బుతుంది. అలా ఉబ్బిన మొగ్గ ఉన్న పుల్లే అంటుకి పనికొస్తుంది. దాని అడుగుని అటొక కోత, ఇటొక కోత వేసి ఉలి అంచులా చెక్కాడు. రెండోసారి కత్తి ఆడించలేదు. గీకితే కోత గతుకులు పడుతుంది, గతుకుల్లో గాలి చేరుతుంది, గాలి చేరిన చోట పుల్ల ఎండుతుంది.

చెక్కిన పుల్లని చీలికలో దింపేటప్పుడు ఒక చిన్న సంగతి గమనించాను. వేరు మొక్క లావుగా, పుల్ల సన్నగా ఉంటే ఆయన దాన్ని చీలిక మధ్యలో పెట్టడు. ఒక పక్కకి జరిపి, బెరడు అంచుకి బెరడు అంచు సరిగ్గా కలిసేలా చూస్తాడు. చూడ్డానికి వంకరగా ఉంటుంది. కారణం బెరడుకీ మానుకీ మధ్య ఉన్న పలుచని పొర. దాన్ని వృక్షశాస్త్రంలో కేంబియం అంటారు. కాండాన్ని లావెక్కించే కొత్త కణాలు పుట్టే చోటు అదే. దీని పొర, దాని పొర తాకితేనే రెండు గాయాల నుంచీ మెత్తటి కణాలు ఊరి ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి. తర్వాత వాటి గుండా నీరు మోసే నాళాలూ, ఆహారం మోసే నాళాలూ కొత్తగా ఏర్పడతాయి. ఒక్క వైపున కలిసినా చాలు, బతుకుతుంది. నడిమధ్యన అందంగా నిలబెట్టి ఏ వైపూ కలవకపోతే చస్తుంది.

పాలిథీన్ పట్టీతో కింద నుంచి పైకి బిగించి చుట్టి, తడి ఆరకుండా పైన సన్నటి గొట్టం లాంటి కవరు తొడిగి పక్కన పెట్టాడు. "ఎన్ని బతుకుతాయి బాబాయ్?" అని అడిగాను. "ఆయ్, కట్టడం వరకేనండి మా చెయ్యి. అంటుకుందో లేదో చిగురు చెప్పాలండి" అన్నాడు, తల ఎత్తకుండా.

నేను అక్కడికి వెళ్లింది మొక్కలు కొనడానికి కాదు. బైబిల్లో రోమా పత్రిక పదకొండో అధ్యాయం చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఆ మాటని కత్తి పట్టే మనిషి దగ్గర తప్ప ఇంకెక్కడా నేర్చుకోలేననిపించింది. పదిహేడో వచనం నుంచి ఇరవై నాలుగు దాకా పౌలు ఒక ఒలీవ చెట్టుని వర్ణిస్తాడు. కొన్ని కొమ్మలు విరిగిపోయాయి, వాటి చోట అడవి ఒలీవ కొమ్మని అంటు కట్టారు. విరిగినవి యేసుని నమ్మని ఇశ్రాయేలీయులు, కట్టినది నమ్మిన అన్యజనులు. క్రీ.శ. 57 ప్రాంతంలో కొరింథులో కూర్చుని ఆయన చెబుతుంటే తెర్తియు రాశాడు. పత్రిక రోముకి వెళ్లింది. చక్రవర్తి క్లౌదియ రోము నుంచి యూదుల్ని వెళ్లగొట్టాడు, ఆయన పోయాక వాళ్లు తిరిగొస్తున్నారు. ఈ లోపు అక్కడి సంఘంలో అన్యజనులదే పైచెయ్యి అయినట్టుంది. తిరిగొచ్చిన వాళ్లని చిన్నచూపు చూసే వాళ్ల కోసమే ఈ చెట్టు. అంతకంటే చరిత్ర ఇక్కడ అక్కర్లేదు.

అంటుకట్టడానికి గ్రీకులో పౌలు వాడిన క్రియ ఎంకెంత్రిజో. దాని లోపల కెంత్రోన్ అన్న మాట ఉంది, అంటే వాడి మొన. మన 'కేంద్రం' కూడా ఆ కెంత్రోనే. వృత్తం గీసేటప్పుడు కంపాసు మొన గుచ్చుకున్న చోటు కాబట్టి ఆ పేరు, జ్యోతిష గణితంతో పాటు సంస్కృతంలోకి వచ్చి మనదాకా చేరింది. కాబట్టి ఈ క్రియలో ముందు గుచ్చుకోవడం ఉంది, ఆ తర్వాతే కలవడం. కొత్త నిబంధన మొత్తంలో ఇది ఆరుసార్లు వస్తుంది. ఆ ఆరూ ఈ అధ్యాయంలోనే, ఈ ఎనిమిది వచనాల్లోనే. ఆరింట్లో అయిదు కర్మణి రూపాలు.

తెలుగు బైబిలు భాషని 'బడు' భాష అని వెక్కిరించడం మనకి అలవాటు. చెప్పబడెను, పిలువబడెను, పంపబడెను. తెలుగువాడు అలా మాట్లాడడన్నది నిజమే, నేనూ వెక్కిరించాను. కానీ 'అంటుకట్టబడి' అన్న మాటలో ఆ 'బడు' తీసి చూడండి. అంటు కట్టుకుని? కొమ్మ తనని తాను కట్టుకోదు. కొమ్మకి చేతులు లేవు, కత్తి లేదు. తల్లిచెట్టు నుంచి తెగినప్పుడూ, చెక్కుడు పడినప్పుడూ, చీలికలోకి దిగినప్పుడూ అది చేసిందేమీ లేదు. ఇదే అధ్యాయం ఆరో వచనంలో కృప అయితే ఇక క్రియల వల్ల కాదని పౌలు వాదంగా చెప్పాడు. ఇక్కడికి వచ్చేసరికి ఆ వాదాన్ని క్రియాపదం తొడిమలోనే పెట్టేశాడు. మనం వ్యాకరణ దోషం అనుకున్నది ఇక్కడ మాత్రం సిద్ధాంతాన్ని మోస్తోంది.

ఇంకొక పనితనం చూడండి. పదమూడో వచనంలో అన్యజనులందరినీ కలిపి 'మీరు' అని పిలిచినవాడు, అంటు దగ్గరికి రాగానే 'నీవు' అంటాడు. తెలుగులో ఈ తేడా చదవగానే తెలుస్తుంది. గుంపుగా కూర్చుని వింటున్న వాళ్లలో ఒక్కొక్కడూ ఇక ఒంటి కొమ్మ.

ఇప్పుడు చిక్కు దగ్గరికి వద్దాం. కడియంలో నేను చూసింది నాటు వేరు మీద బంగినపల్లి. ఎక్కడైనా అంతే: వేరు మొరటుది, కొమ్మ మేలుది. అంటు కట్టాక కూడా కొమ్మ తన జాతిని వదలదు. వేరు ఏదైనా కాయ కొమ్మదే. అందుకే బంగినపల్లి బంగినపల్లిగా కాస్తుంది. పౌలు దీన్ని తలకిందులు చేశాడు. మేలైన చెట్టు మీద అడవి కొమ్మ! ఏ తోటమాలీ చెయ్యడు. చేస్తే గింజే తప్ప కండ లేని అడవి కాయలే కాస్తాయి. మూడో శతాబ్దంలోనే ఓరిగెను ఈ తిరకాసు గమనించాడు. 1932లో వచ్చిన తన వ్యాఖ్యానంలో సి. హెచ్. డాడ్, పౌలు పట్నంలో పెరిగినవాడు, తోటపని తెలియదన్నట్టు రాశాడు. పౌలుని వెనకేసుకొచ్చే వాళ్లు కొలుమెల్లాని సాక్ష్యం తెస్తారు. పౌలు కాలంలోనే వ్యవసాయం మీద పెద్ద గ్రంథం రాసిన రోమీయుడాయన. ఏపుగా ఉండి కాయని ఒలీవకి బర్మాతో బెజ్జం వేసి, పచ్చి అడవి ఒలీవ పుల్లని బిగించి దిగేస్తే కాపు పెరుగుతుందని రాశాడు. కాబట్టి అడవి పుల్లని మంచి చెట్టులో పెట్టే పని ఆ రోజుల్లో లేకపోలేదు.

నాకైతే ఆ తప్పు పట్టడమూ, ఈ సమర్థనా రెండూ అనవసరం అనిపిస్తాయి. కొలుమెల్లా చెప్పిన పద్ధతిలో లాభం చెట్టుకి. పౌలు చెట్టులో లాభం కొమ్మకి మాత్రమే. వేరులోని పియొతేస్, అంటే కొవ్వు, చమురు, కొమ్మలోకి ఎక్కుతుంది. పైగా ఇది స్వభావానికి విరుద్ధమని ఆయనే ఒప్పుకుంటాడు. మొదట్లో కాదు, చివర్న, ఇరవై నాలుగో వచనంలో. వినేవాడు తోటపని తెలిసినవాడైతే ఏడు వచనాల పాటు 'ఇలా ఎవరైనా కడతారా' అనుకుంటూనే ఉంటాడు. ఆ సందేహం బాగా ముదిరాక పౌలు అవునంటాడు. పనికొచ్చే కొమ్మ కాబట్టి కట్టారనుకునే వీలు ఆ కొమ్మకి ఎక్కడా మిగలదు. తెలియక చేసిన పొరపాటుకి ఇంత అమరిక ఉండదు.

కృపని అందుకోవడం అయింది, అందులో నిలవడం మిగిలింది. ఇరవయ్యో వచనంలో 'నిలిచి ఉన్నావు' అన్నచోట పౌలు వాడిన రూపం హెస్తేకాస్. ఎప్పుడో నిలబడ్డావు, ఇప్పటికీ నిలబడే ఉన్నావు అని రెండూ కలిపి చెప్పే కాలం అది. తెలుగులో 'నిలిచి ఉన్నావు' దానికి సరిగ్గా అతుకుతుంది. అయిదో అధ్యాయం రెండో వచనంలో కృపలో నిలిచి ఉన్నామని చెప్పినప్పుడూ ఇదే క్రియ, ఇదే కాలం. ఆ నిలబడడం విశ్వాసం వల్లనే అంటాడు; అంటే ఆనుకుని ఉండడం. ఇరవై రెండులో ఇంకొక క్రియ తెస్తాడు: ఎపిమెనో, ఉన్నచోటే ఉంటూ ఉండడం. అనుగ్రహంలో ఉంటూ ఉంటే సరి, లేకపోతే నువ్వూ నరకబడతావు. ఈ ఒక్క 'ఉంటే' మీద, దొరికిన రక్షణ పోతుందా పోదా అని, కాల్విన్ వారసులూ, వెస్లీ వారసులూ ఎన్ని పుస్తకాలు రాశారో. నేను ఆ గొడవలోకి దిగను. ఒక్క మాట మాత్రం అంటాను. అంటు బాగా అతికిన కొమ్మ కూడా నీళ్లు తాగడం ముగించదు. నిన్న ఎక్కిన రసం నిన్నటి ఆకుకి చాలింది.

అదే వచనంలో అనుగ్రహం పక్కన కాఠిన్యం ఉంది. గ్రీకులో అపొతొమియా. దాని ధాతువు 'కోయడం'. కొమ్మలు తెగే కథలో, కఠినత్వానికి ఉన్న మాటల్లో కత్తి ఉన్న మాటనే ఏరుకున్నాడు.

మా పెరట్లో ఒక అంటు మామిడి ఉండేది. నాటాక పట్టీ విప్పాలన్న సంగతి మర్చిపోయాను. కాండం లావెక్కేకొద్దీ పట్టీ లోపలికి దిగి కోసింది. రెండో ఏడు చెట్టు నా ఎత్తు ఎదిగితే వచ్చినవాళ్లందరికీ చూపించాను. మా మేనమామ వంగి మొదలు చూసి, "ఇది అంటు కాదురా, అంటు కింద నుంచి లేచిన నాటు కొమ్మ. నీ బంగినపల్లి ఎప్పుడో ఎండింది, చూడు" అన్నాడు. నిజమే; ఆ గుబురులో వేలెడు ఎండుపుల్ల, ఇంకా పట్టీ చుట్టుకునే ఉంది. పౌలు పోలికలో అడవిది కొమ్మ, నా పెరట్లో అడవిది వేరు, కాబట్టి దీన్ని అక్కడ అతికించకూడదు. కానీ 'నీవు వేరును భరించడం లేదు, వేరు నిన్ను భరిస్తోంది' అన్న పద్దెనిమిదో వచనాన్ని నేను మొదటిసారి నమ్మింది ఆ ఎండుపుల్ల చూసినప్పుడే. కొమ్మ పోయినా వేరుకి ఏమీ కాలేదు, చెట్టు పచ్చగానే ఉంది.

ఎంకెంత్రిజో ఆరుసార్లలో అయిదే చెప్పాను. మిగిలిన ఒక్కటీ ఇరవై మూడో వచనంలో, విరిగి కింద పడ్డ కొమ్మల గురించి. వాటిని మళ్లీ కట్టడం సాధ్యమా? తోటలో విరిగిన కొమ్మని చెత్తలో వేస్తారు. పౌలు సాధ్యమే అంటాడు, అక్కడ మాత్రం క్రియ కర్తరిలోకి మారుతుంది, కర్త కనిపిస్తాడు: దేవుడు కట్టగలడు. అయిదుసార్లు 'కట్టబడి'లో దాక్కున్న చెయ్యి ఈ ఒక్కసారి కత్తితో సహా బయటపడుతుంది. వెంటనే ఇరవై నాలుగులో కైముతిక న్యాయం: పరాయి కొమ్మే అతికినప్పుడు, సొంత కొమ్మలు తమ చెట్టుకి అతకడం ఎంత మాత్రం?

కడియంలో సాయంత్రం అయ్యేసరికి ఆయన చుట్టూ కోసేసిన తలలూ, చెక్కుళ్లూ, పుల్లలూ కుప్పపడ్డాయి. కత్తి గుడ్డతో తుడిచి, మడిచి, లేవబోతూ ఆ కుప్పలోంచి ఒక పుల్ల తీశాడు. ఎప్పుడు జారిపడిందో. బొటనవేలి గోటితో బెరడు మీద చిన్నగా గీకాడు. కింద పచ్చగా ఉంది. తడిగుడ్డ విప్పి దాన్ని మిగతా వాటి పక్కన పెట్టి చుట్టాడు.