సూది పని, ఉలి పని

మా పల్నాటి రొంపిచెర్ల నుంచి పడమటికి పోతే బొల్లాపల్లి మండలం తండాలు వస్తాయి. ఈశాన్యంగా పోయి కృష్ణ దాటితే కొండపల్లి వస్తుంది. తండాల్లో లంబాడీ ఆడవాళ్ల చేతిలో సూది, కొండపల్లిలో బొమ్మలు చెక్కే ఆర్యక్షత్రియుల చేతిలో ఉలి. ఇద్దరూ తమ పెద్దలు రాజస్థాన్ వైపు నుంచి వచ్చారనే చెప్పుకుంటారు. ఇద్దరూ తెలుగు నేల మీదికి వచ్చి కొన్ని వందల ఏళ్లయింది. ఇద్దరి పనీ చూస్తే కళ్లు తిప్పుకోలేం. కానీ కొండపల్లి బొమ్మ అంటే తెలియని తెలుగు ఇల్లు లేదు. లంబాడీ రవిక మీది కుట్లలో ఒక్కదాని పేరైనా చెప్పగలిగేవాళ్లు తండా బయట దొరకడం కష్టం. పనితనం సాటిగా ఉన్నా పేరులో, బతుకులో ఇంత తేడా ఎలా వచ్చిందో ఆ పనులే చెబుతాయి. దగ్గరగా చూడాలి, అంతే.

ముందు సూది పని. లంబాడీ స్త్రీ సంప్రదాయ దుస్తులు మూడు: రవికలాంటి కాంచళి, కుచ్చుల పావడా పేటియా, తల మీద కప్పుకునే టుక్రి. కాంచళికి వీపు ఉండదు, తాళ్లతో కడతారు. అందుకే పనంతా ఎదభాగం మీదా చేతుల మీదా పరుచుకుంటుంది. ఎర్ర గుడ్డ, నీలి గుడ్డ, ఆకుపచ్చ, పసుపు ముక్కలు కలిపి కుడతారు. అంచుల్లో గుడ్డను చిన్న చిన్న ముక్కోణాలుగా మడిచి రంపపు పళ్లలా వరస పెడతారు. కత్తిరించిన అంచు ఎక్కడా బయటికి కనపడదు. ఆ ముక్కలన్నీ ఒకే కొలతలో రావడానికి గీతలు గీసుకోరు, అచ్చు పెట్టుకోరు. కన్నే కొలబద్ద.

ఇక అద్దం. ఆ అద్దపు బిళ్లకు చిల్లు ఉండదు. జిగురు పెట్టరు. దారమొక్కటే దాన్ని గుడ్డకు పట్టి ఉంచుతుంది. బిళ్లను గుడ్డ మీద పెట్టి వేలితో అదిమి, దాని మీదుగా రెండు దారాలు నిలువుగా, రెండు అడ్డంగా లాగుతారు. అద్దం మీద చిన్న చదరం ఏర్పడుతుంది. తర్వాత సూదిని ఆ చదరం కిందుగా పోనిచ్చి, దారాన్ని దానికి చుట్టి, అద్దం అంచుకు ఆనుకొని ఉన్న గుడ్డలో గుచ్చుతారు. మళ్లీ చదరం కిందుగా, మళ్లీ గుడ్డలోకి. ఇలా చుట్టూ తిరిగి వచ్చేసరికి మొదట వేసిన నాలుగు దారాలూ అంచుల వైపు జరిగి గుండ్రటి గట్టుగా మారతాయి. చదరం మాయమై చక్రం మిగులుతుంది. మొదటి దారాలు వదులైతే అద్దం జారిపోతుంది. మరీ బిగిస్తే గుడ్డ ముడతలు పడుతుంది. ఆ బిగువు ఎంతో పుస్తకంలో చదివితే వచ్చేది కాదు. అమ్మ పక్కన కూర్చున్న కూతురి వేళ్లకు వస్తుంది.

ఒక్క అద్దానికే ఇంత పని. ఎదభాగం నిండా అలాంటివి బారులు తీరి ఉంటాయి. వాటి మధ్య గొలుసు కుట్టు, అల్లిక కుట్టు, అడ్డదిడ్డంగా కనిపిస్తూనే లెక్క తప్పని దారపు గీతలు. కర్ణాటకలోని సండూరు లంబాణీ (లంబాడీ) స్త్రీల పనిలో 14 రకాల కుట్లకు పేర్లున్నాయి: కిలాన్, వేలే, మాకి, సూర్యకాంతి మాకి, రేలో, నక్రా, ఇంకా కొన్ని. పొద్దుతిరుగుడు పువ్వు పేరు పెట్టుకున్న కుట్టు ఒకటుందంటేనే ఆ సూది చుట్టుపక్కల చేలను ఎలా చూసిందో తెలుస్తుంది.

అద్దాల తర్వాత గవ్వలు, నాణేలు. గవ్వ వీపు అరగదీసి, ఆ సందులోంచి దారం తీసి కుడతారు. నోరు పైకి చూస్తుంటుంది. పండగనాడు నీళ్ల బిందె కింద పెట్టుకునే చుట్టకుదురుకు కూడా గవ్వల వరసలు కుట్టి, కుచ్చులు వేలాడదీస్తారు. పాత రూపాయి బిళ్లలకు కొక్కేలు అతికించి కాంచళికి వేలాడదీస్తారు. ఇది ఒట్టి అలంకారం కాదు. గవ్వ ఒకప్పుడు చెల్లుబడి అయిన డబ్బు. ఇల్లూ వాకిలీ లేకుండా ఎడ్ల మందల వెంట ఊరూరూ తిరిగిన కుటుంబానికి పెట్టె ఎక్కడిది, బీరువా ఎక్కడిది? ఉన్న సొత్తును ఆడవాళ్ల ఒంటి మీదే దాచుకున్నారు. దొంగ చెయ్యి పెట్టలేనంత గట్టిగా, పది మందీ చూసేంత అందంగా కుట్టుకున్నారు. బరువూ భద్రతా అందమూ ఒకే గుడ్డలో ఇమిడిన పని అది.

ఇప్పుడు ఉలి పని. కొండపల్లి బొమ్మకు కావలసింది తెల్ల పొనికి కర్ర. చుట్టుపక్కల కొండల్లో పెరిగే ఈ చెట్టు కర్ర మెత్తగా, చాలా తేలిగ్గా ఉంటుంది. పచ్చి కర్రను సన్నని సెగ మీద ఆరబెట్టి లోపలి తడి పోగొడతారు. అలా ఆరితేనే పురుగు పట్టకుండా, బీటలు వారకుండా నిలుస్తుంది. తర్వాత చెక్కుడు. ఏనుగు అంబారీ చేయాలంటే ఏనుగు మొత్తాన్నీ ఒకే దుంగలోంచి తీయరు. ఒళ్లు వేరు, తొండం వేరు, చెవులు వేరు, పైన అంబారీ వేరు, మావటి వేరు. ఒక్కొక్కటీ విడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతుకుతారు.

ఈ మక్కులోనే కొండపల్లి గుట్టంతా ఉంది. ఆ ముద్ద అతుకుతుంది, సందులు పూడుస్తుంది, ఆరాక కర్రతో సమానంగా గట్టిపడి ఆకురాయికి లొంగుతుంది. అందుకే తొండం ఎక్కడ మొదలైందో, ముఖం ఎక్కడ ఆగిందో వేలితో తడిమినా తెలియదు. ఆపైన సున్నపు పూత, దాని మీద రంగులు. మేక వెంట్రుకల కుంచెతో కనుబొమ్మ గీత గీస్తారు. ఆ గీత ఒక్క నూలుపోగంత పక్కకు జరిగితే నవ్వుతున్న ముఖం దిగాలుపడుతుంది. తాడిచెట్టెక్కే గీత కార్మికుడు, ఎడ్లబండి, పెళ్లి పల్లకీ, దశావతారాలు, వడ్లు దంచే ఆడవాళ్లు: వలస వచ్చిన చేతులు చెక్కినవన్నీ మన పల్లెలో రోజూ కనిపించే మనుషులే.

రెండు పనులకూ అసలు తేడా ఇక్కడే మొదలవుతుంది. కొండపల్లి బొమ్మ మొదటినుంచీ ఇతరుల కోసం చేసినది. తయారైన రోజునే అది కొనేవాళ్ల కోసం ఎదురుచూస్తుంది. అందుకే అందులో తయారుచేసినవాళ్లు తమ సంగతి చెప్పుకోలేదు, కొనేవాళ్ల జీవితాన్ని చూపించారు. దసరా, సంక్రాంతి బొమ్మల కొలువులు వాళ్లకు ఏటేటా వచ్చే గిరాకీ. కొండపల్లి ఖిల్లా నీడన స్థిరపడ్డారు, పేరులో ఊరు చేరింది, ఊరి పేరే సరుకు పేరయింది. లంబాడీ కాంచళి అలా కాదు. అది తన కోసం, తన కూతురి పెళ్లి కోసం కుట్టుకున్నది. దానికి అంగడి లేదు, ధర లేదు. ధర లేనిదానికి లోకం విలువ కట్టదు. కుట్టిన చేతికి పేరూ రాలేదు.

ఈ తేడా వెనక పెద్ద చరిత్ర ఉంది. లంబాడీలు దక్కన్‌లో సరుకు మోసిన జాతి. వేల ఎడ్ల వీపుల మీద ధాన్యం, కోస్తా నుంచి లోపలి సీమలకు ఉప్పు వాళ్లే చేరవేశారు. 17వ శతాబ్దంలో ఈ దేశం తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే దారి పొడవునా సాగే ఆ ఎడ్ల బారులను చూసి రాసిపెట్టాడు. షాజహాన్ కాలపు దండయాత్రల వెంట భంగీ, జంగీ నాయకుల మందలు దక్షిణానికి దిగాయని వాళ్ల కథలు చెబుతాయి. 1791-92లో టిప్పు సుల్తాన్ మీదికి వెళ్లిన కార్న్‌వాలిస్ బ్రిటిషు సైన్యానికి గింజలు మోసి పెట్టిందీ వీళ్లే. తర్వాత రోడ్లు పడ్డాయి, రైళ్లు వచ్చాయి. ఎద్దు వీపు మీది బేరం ఒక్క తరంలో కూలిపోయింది. ఆ దెబ్బ చాలదన్నట్టు 1871లో బ్రిటిషువాళ్లు నేరస్త జాతుల చట్టం తెచ్చి, తర్వాత కొన్ని ప్రాంతాల్లో బంజారాలని కూడా పిలిచే లంబాడీలను ఆ జాబితాలో చేర్చారు. సైన్యాలకు తిండి పెట్టిన జాతి అనుమానపు చూపుల పాలైంది. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో గానీ ఆ చట్టం పోలేదు.

సంచారం ఆగినచోట తండా కట్టుకున్నారు. అప్పటికే మంచి నేలలన్నీ ఊళ్లవాళ్ల చేతుల్లో ఉన్నాయి. మిగిలింది అడవి అంచు, మెట్ట, రాతి నేల. పల్నాటిలో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. మా వైపు పొలాలకు నాగార్జునసాగర్ కుడి కాలువ నీళ్లు వచ్చాయి. బొల్లాపల్లి, వెల్దుర్తి, దుర్గి మెట్టలకు రాలేదు. ఆ నేలల కోసం అనుకున్న వరికపూడిశెల ఎత్తిపోతలకు 2023 నవంబరులో మాచర్లలో శంకుస్థాపన జరిగింది. సాగర్ కట్టిన దశాబ్దాల తర్వాత అన్నమాట. వానను నమ్ముకున్న సేద్యం, లేదంటే మిరప కోతలకూ పత్తి తీతలకూ కూలి. అద్దాన్ని దారంతో కట్టేసే వేళ్లే మన చేలల్లో మిరపకాయలు కోస్తున్నాయి.

ప్రభుత్వ లెక్కల్లో కూడా ఇద్దరి చోటు వేరు. ఆంధ్రప్రదేశ్‌లో ఆర్యక్షత్రియులు వెనుకబడిన తరగతుల్లో బీ గ్రూపులో ఉన్నారు. సుగాలీలని కూడా పిలిచే లంబాడీలు షెడ్యూల్డు తెగ. తెలంగాణ లంబాడీలకు ఆ హోదా 1976 చట్టంతో వచ్చింది. అదే జాతి కర్ణాటకలో షెడ్యూల్డు కులం, మహారాష్ట్రలో విముక్త జాతి. ఒకే గోర్‌బోలీ మాట్లాడుకుంటూ, 1739లో అనంతపురం సీమలో పుట్టిన సేవాలాల్ మహరాజ్‌నే కొలిచే అన్నదమ్ములకు రాష్ట్రం మారితే హక్కులు మారతాయి. ఆ హోదా చదువుకూ ఉద్యోగానికీ దారి తీసింది, అందులో సందేహం లేదు. కానీ అది సూది పనిని ఒక వృత్తిగా నిలబెట్టలేదు. కొండపల్లి ఉలికి జీఐ (భౌగోళిక) గుర్తింపు ఉంది, అమ్మిపెట్టే ప్రభుత్వ లేపాక్షి దుకాణం ఉంది, సంఘం ఉంది. పల్నాటి సూదికి అవేవీ లేవు.

పేరున్నంత మాత్రాన కొండపల్లి ఇళ్లలో సిరులు పండుతున్నాయని అనుకోకూడదు. పొనికి చెట్టు అడవిలో తగ్గిపోతోంది. చైనా ప్లాస్టిక్ బొమ్మతో ధరలో పోటీ పడలేరు. రోజంతా కూర్చుని చెక్కినా రాబడి అంతంతే అయితే పిల్లలు ఉలి ఎందుకు పడతారు? అయితే అక్కడ పని ఆగిపోతే లోకానికి తెలుస్తుంది. తండాలో ఆగిపోతే ఎవరికీ తెలియదు. ఇప్పటికే పడుచు ఆడవాళ్లు చీరల్లోకి, చుడీదార్లలోకి మారారు. కాంచళి, పేటియా తీజ్ పండగకో, ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతికో బయటికి వస్తున్నాయి. వాటిలో చాలావరకు మిషను కుట్టు, ప్లాస్టిక్ అద్దాలు. అమ్మమ్మల కాంచళులు ట్రంకు పెట్టెల అడుగున ఉన్నాయి.

ఈ పని బతకదని దిగులుపడక్కర్లేదు. సండూరు చూడండి. అక్కడి సండూరు కుశల కళా కేంద్రం లంబాణీ స్త్రీలతో కుట్టించి అమ్ముతుంది. ఆ పనికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. 2023లో హంపీలో జీ20 సమావేశాల సందర్భంగా వాళ్లు కుట్టిన 1,755 ముక్కలను ప్రదర్శనకు పెడితే గిన్నిస్ రికార్డు దక్కింది. ఒంటి మీద తప్ప ఎక్కడా కనపడని కుట్టు సంచీ మీదికి, దిండు గలీబు మీదికి వచ్చి కూలి సంపాదించింది. అదే బోలీ మాట్లాడే ఆడవాళ్లు మన దగ్గరా ఉన్నారు. అదే సూది ఉంది.

అమెరికాలో ఇలాంటిదే ఇంకో ఉదాహరణ ఉంది. స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దు కొండల నుంచి నెవాడా, ఐడహో కొండల్లోకి గొర్రెలు కాయడానికి వెళ్లిన బాస్కులు ఒంటరితనంలో ఆస్పెన్ చెట్ల బెరడు మీద పేర్లూ బొమ్మలూ చెక్కారు. ఆ చెట్టు ఆయుష్షు సుమారు ఒక మనిషి ఆయుష్షంతే. చెట్టు కూలితే చెక్కడమూ పోతుంది. అందుకని అక్కడి పరిశోధకులు కొండలెక్కి ఒక్కొక్క చెట్టు మీది చెక్కడాన్నీ రాసిపెట్టారు. తిరుగాడిన మనుషుల చేతిపనికి కావలసిన మొదటి సాయం అదే: అది ఉన్నప్పుడే నమోదు చేయడం.

మనకూ అదే పని ఉంది. పల్నాడు తండాల్లో ఏ ఇంట ఏ కుట్టు మిగిలిందో, దాన్ని గోర్‌బోలీలో ఏమంటారో, ఎవరు కుట్టారో ఆ పెద్దమ్మలు ఉండగానే రాసిపెట్టాలి. నరసరావుపేట, మాచర్ల కాలేజీల్లో చదువుకుంటున్న తండా పిల్లలు వందలమంది ఉన్నారు. వాళ్లకు భాష తెలుసు, ఆ ఇళ్లు తెలుసు. ఈ పనికి వాళ్లకంటే తగినవాళ్లు లేరు. ఆ తర్వాత కుట్టిన ముక్క మీద కుట్టినామె పేరుండాలి. ధరలో గుడ్డ, దారం, అద్దాల ఖరీదుతో పాటు కూర్చున్న గంటలకూ కూలి పడాలి. మిరప కోతలు లేని నెలల్లో ఇంటిపట్టున ఉండి సంపాదించుకోగల పని ఇది. కొండపల్లికి కావలసింది పొనికి మొక్కలు, తండాకు కావలసింది అంగడి. రెండూ మన చేతనయ్యేవే. తెలుగు పల్లెను బొమ్మగా చెక్కి ఇచ్చిన చేతులను మనవని చెప్పుకుంటున్నాం. తన పెళ్లిగుడ్డ మీద అద్దాన్ని దారంతో నిలబెట్టిన చేతులు కూడా మనవే. వాటికీ ఆ గౌరవం, ఆ రాబడి దక్కాలి.