బిల్లులో లేని సరుకు

మదనపల్లెలో టమోటా మండీల బిల్లు పుస్తకాలు, పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర కరపత్రాలు, కుప్పంలో పెళ్లి పత్రికలు. డీటీపీ సెంటర్‌లో పని ఏదైనా, కంప్యూటర్ కొనే రోజు వినిపించే మాట ఒకటే: "అన్నీ ఏసిచ్చేస్తాలే అన్నా!"

ఆ 'అన్నీ'లో విండోస్, ఫొటోషాప్, పేజ్‌మేకర్, తెలుగు ఫాంట్లు ఉంటాయి. బిల్లులో మాత్రం మానిటర్, కీబోర్డ్ వరకే. మౌస్‌కు కూడా వారంటీ అడిగే ఆసామి వీటి లైసెన్స్ ఊసెత్తడు.

డబ్బిచ్చి కొన్నామనుకునేవాళ్లూ మోసపోతారు. ఆన్‌లైన్‌లో అయిదారు వందలకు దొరికే కీ పనిచేస్తుంది, తెర మీద 'యాక్టివేటెడ్' అనీ కనిపిస్తుంది. అది ఏ కంపెనీకో, కాలేజీకో టోకున ఇచ్చిన లైసెన్స్‌లోదైతే, చిల్లరగా అమ్మే హక్కు అమ్మినవాడికి లేదు. రేపు మైక్రోసాఫ్ట్ దాన్ని రద్దుచేస్తే అడిగే దిక్కుండదు. కీ లేకుండానే యాక్టివేట్ చేసే 'యాక్టివేటర్' ప్రోగ్రామ్ ఇంకా ఘనం. ముందు యాంటీవైరస్ ఆపమంటుంది. తాళం తీసి పక్కకు తప్పుకోమన్నవాణ్ని ఇంట్లోకి రానిస్తామా?

బండారం బయటపడుతుందని చాలామంది అప్‌డేట్లూ ఆపేస్తారు. 2017 మేలో వాన్నాక్రై రాన్సమ్‌వేర్ విరుచుకుపడినప్పుడు చిత్తూరు సహా రాష్ట్రంలో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లకూ దెబ్బ తగిలింది. అవి దొంగ కాపీలని కాదు. అది వాడుకున్న విండోస్ లోపాన్ని సరిచేసే అప్‌డేట్ మాత్రం మార్చిలోనే వచ్చింది.

కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసి వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపారానికి వాడకపోతే జైలు లేకుండా వదిలే వీలు కోర్టుకుంది. డీటీపీ సెంటర్‌కు ఆ వీలెక్కడిది?

అసలు చిక్కు పేజ్‌మేకర్‌తోనే. 2001 నాటి 7.0 తర్వాత అడోబీ కొత్త వెర్షన్ తేలేదు. దొరకనంత మాత్రాన అడోబీ హక్కులు పోవు. పాత ఫాంట్లలో కొట్టిన ఫైళ్లు ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో పిచ్చిగీతల్లా కనిపిస్తాయి. అందుకే పేజ్‌మేకర్‌ను వదలడం కష్టం, ఆపరేటర్లను తప్పుపట్టి లాభం లేదు.

కొత్త పనికైనా దారి మార్చవచ్చు. తెలుగు, తమిళం, కన్నడం మూడూ కావలసిన కుప్పంలో, అన్ని లిపులకూ ఒకే సంకేత పద్ధతైన యూనికోడ్ మరీ కలిసొస్తుంది. రామభద్ర, మండలి, సూరన్న యూనికోడ్ ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్స్‌తో ఉచితం, డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్ కూడా అంతే. మొదలుపెట్టే ముందు ప్రెస్‌వాళ్లను ఒక్క మాట అడగాలి, పేజ్‌మేకర్ ఫైలే కావాలా, పీడీఎఫ్ ఇస్తే చాలా అని.