అట్టముక్క తీసేశాక

ద్రవ నత్రజని మా ఊరి రైతులకు కొత్తేమీ కాదు. ఎదకొచ్చిన ఆవుకు సూది వేయడానికి గోపాలమిత్ర బండి మీద తెచ్చే క్యానులో ఉండేది అదే. ఇంటర్ క్లాసులో నేను క్యాను మూత తీయగానే తెల్లటి పొగ చూసి, ముందు బెంచీ అమ్మాయి ‘సార్, ఇది మా కొట్టంలోకి వస్తుంది’ అంది.

థర్మోకోల్ గిన్నెలో నల్లటి బిళ్ల పెట్టాను. యిట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన పింగాణీ అది. సుమారు 92 కెల్విన్ దిగువకు చల్లబడితే అతివాహకం అవుతుంది. నత్రజని మరిగేది 77 దగ్గర. ఆ పదిహేను డిగ్రీల వెసులుబాటే ఈ ప్రయోగాన్ని బడికి తెచ్చింది. 1911లో ఆన్నెస్ పాదరసంలో అతివాహకతను చూడడానికి ద్రవ హీలియం కావాల్సి వచ్చింది. ఈ బిళ్ల పదార్థం 1987లో బయటపడింది.

చాలామంది బిళ్లను ముందు చల్లబరిచి, తర్వాత అయస్కాంతం వదులుతారు. నాకు రెండో పద్ధతి ఇష్టం. బిళ్ల మీద అట్టముక్క, దాని మీద నియోడిమియం అయస్కాంతం పెట్టి, అప్పుడు నత్రజని కొద్దికొద్దిగా పోస్తాను. సలసల మరిగిన ద్రవం నెమ్మదించాక ప్లాస్టిక్ పట్టకారుతో అట్టముక్క లాగేస్తాను. అయస్కాంతం ఉన్నచోటే గాలిలో ఉంటుంది.

‘సజాతి ధ్రువాలు వికర్షించుకుంటాయి కదా’ అంటారు పిల్లలు. వాదించను. అయస్కాంతాన్ని మెల్లగా పైకి లేపుతాను. బిళ్ల కూడా దాని కింద, తాకకుండా, వేలాడుతూ లేస్తుంది. క్లాసంతా బెంచీలు దిగి వచ్చేస్తుంది. తోసేది ఎలా వేలాడుతుంది?

అతివాహకం అయస్కాంత క్షేత్రాన్ని బయటికి నెడుతుందని 1933లో మైస్నర్, ఓక్సెన్‌ఫెల్డ్ చూపించారు. ఈ బిళ్లలో మాత్రం కొన్ని బలరేఖలు లోపలి లోపాల దగ్గర చిక్కుకుపోతాయి. గుంజకు కట్టిన పలుపులా అవి అయస్కాంతాన్ని దూరం పోనివ్వవు, దగ్గరకూ రానివ్వవు. మామూలుగా కాల్చిన బిళ్లకు ఇంత పట్టుండదు. కరిగించి నిదానంగా పెంచిన బిళ్ల కావాలి. ఒక ఏడాది తడి ఆరకుండానే పెట్టెలో పెట్టాను, మరుసటి ఏడాదికి దాని పట్టు సడలింది. ఆ బాధ ఇంకా పోలేదు. ఇప్పుడు తుడిచి, ఆరబెట్టి, సిలికాజెల్ పొట్లంతో దాస్తాను. కళ్లద్దాలు, తెరిచిన కిటికీలు, బిగించని మూత, ఇవి లేనిదే మొదలుపెట్టను.

నత్రజని ఆవిరైపోయేటప్పుడు నేను మాట్లాడను. అయస్కాంతం ఒక పక్కకు ఒరిగి, నెమ్మదిగా దిగి, బిళ్లను తాకింది.

‘పలుపు తెగిందా సార్?’ అంది ఆ అమ్మాయి.

ఈసారి రెండు అట్టముక్కలు తన చేతికిచ్చాను.