ఎనిమిది గంటల బోర్డు

పోయిన ఆదివారం నాకు కోపం తెప్పించింది ఒక పలక. బర్మింగ్‌హామ్‌లో మా అబ్బాయి ఇంటికి పది నిమిషాల నడకలో ఒక పబ్బు ఉంది. దాని తలుపు పక్కన నల్లపలక మీద సుద్దతో రాసిపెట్టారు, రాత్రి ఎనిమిది తర్వాత పిల్లలు ఉండరాదని. అప్పుడు టైము మధ్యాహ్నం రెండు. నాలుగేళ్ల మనవడు నా చూపుడువేలు పట్టుకుని నిలబడ్డాడు. రమ్మనకముందే ఎప్పుడు వెళ్లాలో చెప్పే ఇంట్లోకి అడుగు పెట్టబుద్ధి కాలేదు నాకు. "అమ్మా, అది రాత్రి సంగతి. మనకెందుకు, రా" అన్నాడు అబ్బాయి. వెళ్లాను గానీ మనసు గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

నానమ్మ మనవణ్ణి పబ్బుకు తీసుకెళ్లడమేమిటని మీలో కొందరు అనుకుంటారు. మన దగ్గర పబ్బంటే చీకటి, చెవులు చిల్లులు పడే పాట, ఇరవై ఒకటి నిండాయా అని కార్డు అడిగే మనిషి. ఇంగ్లండులో అది పబ్లిక్ హౌస్ అనే మాటకు పొట్టిరూపం. నలుగురి ఇల్లు. మన పాత పూటకూళ్లింటికి దగ్గరి చుట్టమనుకోండి, కాకపోతే అక్కడ అన్నం ముందు, ఇక్కడ బీరు ముందు. ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ వచ్చి రోస్టు తింటారు. కాల్చిన మాంసం, ఆలుగడ్డలు, ఉడికించిన కూరలు, వాటి మీద గ్రేవీ. తాగనివాళ్లు నాలాగా నిమ్మ సోడా తాగుతారు. ఎవరూ వింతగా చూడరు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు ఫ్యామిలీ రూమ్ మీద నా గొడవ కొత్త కాదు. 'ఫ్యామిలీ రూమ్ కలదు' అన్న బోర్డు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సికింద్రాబాద్ ఇరానీ హోటల్లో మా నాన్న ఒక్కడే వస్తే రోడ్డు వైపు పాలరాయి బల్ల దగ్గర, గాలీ వెలుతురూ ఉన్నచోట కూర్చునేవాడు. మేం కూడా వస్తే జిడ్డు తెర వెనక చెక్క గదిలోకి వెళ్లాలి. అమ్మ, నేను, తమ్ముడు రాగానే ఆయన 'ఫ్యామిలీ' అయిపోయేవాడు, ఫ్యామిలీ అంటే దాచిపెట్టాల్సిన వస్తువు. ఆడవాళ్లనూ పిల్లలనూ తెర వెనక్కి నెట్టే చోటు మర్యాద గలది కాదని పాతికసార్లు రాసి ఉంటాను. ఆ పలక నాకు ఆ తెర లాగే కనిపించింది.

తెర ఇంగ్లండులోనూ ఉండేది. పాత పబ్బుల్లో స్నగ్ అని ఒక చిన్న గది ఉంటుంది. కిటికీ అద్దం మసకగా, తలెత్తుకు పైన ఉంటుంది. బయటివాళ్లకు లోపలి మనిషి కనపడకూడదు. నలుగురిలో తాగితే పేరు పోతుందనుకున్న ఆడవాళ్లు అందులో కూర్చునేవాళ్లు. పిల్లల కథ ఇంకా వింతది. ఒకప్పుడు ఇంట్లో బీరు కావాలంటే కూజా చేతికిచ్చి పిల్లవాణ్ణే పంపేవాళ్లు. దారిలో వాళ్లు గుక్క వేస్తున్నారని, పద్నాలుగేళ్లలోపు పిల్లలకు ఇస్తే సీలు వేసి ఇవ్వాలని 1901లో చట్టం చేశారు. 1908 చట్టం ఆ పిల్లలను బార్ గదిలోకే రానివ్వొద్దంది. తాగుడు ఇళ్లను కూల్చుతున్న కాలం అది, చట్టం చేసినవాళ్లను తప్పుపట్టలేను. అయితే ఫలితం ఏమిటంటే అమ్మానాన్నలు లోపల, పిల్లలు బయట మెట్టు మీద. చేతిలో ఒక నిమ్మ సోడా, ఒక చిప్స్ పొట్లం. ఇవాళ అరవైలూ డెబ్బైలూ దాటిన ఇంగ్లండువాళ్లలో చాలామందికి ఆ మెట్టు గుర్తుంది.

మన బిహార్‌లోని మోతిహారీలో పుట్టిన జార్జ్ ఆర్వెల్ 1946 ఫిబ్రవరిలో ఒక సాయంకాలపు పత్రికలో తన కలల పబ్బు గురించి వ్యాసం రాశాడు. దాని వెనక తోట ఉంటుంది, తోటలో పిల్లలకు ఉయ్యాలలుంటాయి. చట్టం ఒప్పుకోకపోయినా పిల్లలు లోపలికొచ్చి పెద్దవాళ్లకు గ్లాసులు పట్టుకెళుతుంటారు. పిల్లలను బయట పెడితే తల్లులు కూడా బయటే ఉండిపోతారని, కుటుంబాలు కూడాల్సిన చోటు ఉత్త తాగుడు కొట్టుగా మిగులుతుందని ఆయన బాధ. చివర్లో, అలాంటి పబ్బు తనకు ఎక్కడా దొరకలేదని ఒప్పుకున్నాడు. చట్టం ఆ తోట వైపు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. 1995లో పిల్లల్ని రానిచ్చే పబ్బులకు విడిగా సర్టిఫికెట్ ఇవ్వడం మొదలుపెట్టారు. 2005 నవంబరులో అమలైన కొత్త చట్టం, పెద్దవాళ్లు వెంట ఉంటే పిల్లలు రావచ్చంది. 2007 జులైలో ఇంగ్లండు పబ్బుల్లో పొగ తాగడం ఆగిపోయింది. ఏ చట్టం కన్నా ఆ పొగ పోవడమే చంటిపిల్లల తల్లులకు తలుపు తెరిచి ఉంటుందని నా నమ్మకం.

లోపల కూర్చున్నాక జరిగింది చెబుతాను. పబ్బులో బల్ల దగ్గరికొచ్చి అడగరు, మనమే కౌంటరు దగ్గరికెళ్లి చెప్పాలి. మా వంతు వచ్చేసరికి కౌంటరు వెనక ఉన్నావిడ ముందుకు వంగి చూసింది. నన్నూ కాదు, మా అబ్బాయినీ కాదు. "నీకేం కావాలి?" అని చిన్నోణ్ణి అడిగింది. వాడు నా కొంగు చాటుకెళ్లాడు. ఆవిడ తొందరపడలేదు. వెనక నలుగురు నిలబడి ఉన్నా ఆగింది. వాడు "చికెన్" అన్నాక రాసుకుంది. తర్వాత మా కోడలివైపు తిరిగి, "బాబు ప్లేటు ముందు తెమ్మంటారా, అందరితోపాటా?" అంది.

ఈ ఒక్క ప్రశ్న కోసం ఈ వారం కాలమ్ మొత్తం రాయొచ్చు. పిల్లల్ని పెంచినవాళ్లకు తెలుస్తుంది. వాడికి ముందొస్తే వాడు తిన్నాక మనం ప్రశాంతంగా తింటామనుకునే ఇల్లు ఒకటి, అందరితో కలిసి తినడమే వాడికి పండగ అయిన ఇల్లు ఇంకొకటి. ఆవిడ ఏదీ ఊహించుకోలేదు, అడిగింది. మమ్మల్ని తలుపుకు దూరంగా మూల బల్లకు పంపింది. వాడి గ్లాసు నిండా పోయకుండా సగమే పోసింది. ప్లేటు తెచ్చినప్పుడు వేడిగా ఉందని వాడికే చెప్పింది, వేలితో అంచు చూపించి.

ఆ ప్లేటులో ఉన్నది మా ప్లేట్లలో ఉన్నదే, చిన్న ముక్కలు, తక్కువ కొలత. ఇది కూడా నా పాత గొడవే. పిల్లల మెనూ అంటే ప్రపంచమంతా ఒకటే నగ్గెట్లు, ఒకటే ఫింగర్ చిప్స్. పెద్దవాళ్లు తినేది పిల్లలకు పెట్టని వంటగదికి తన వంట మీద తనకే నమ్మకం లేదంటాను. చిన్నోడి ప్లేటులో యార్క్‌షైర్ పుడ్డింగ్ పెట్టారు. పేరుకు పుడ్డింగే గానీ తీపి కాదు. పొంగి మధ్యలో గుంటపడ్డ గిన్నెలా ఉంటుంది. వాడు గ్రేవీ చెంచా చెంచా పోస్తూ ఆ గుంట నింపాడు. అంచు దాకా వచ్చింది. ఇంకో చెంచా పోశాడు. ఒక పక్క మెత్తబడి, మెల్లగా ఒరిగి, గ్రేవీ ఆలుగడ్డల మీదికి పారింది. "నానమ్మా, చెరువు తెగింది" అన్నాడు. పోయినేడు మా ఊరి చెరువుకట్ట మీద నడిపించినప్పుడు చెప్పిన మాట వాడికి గుర్తుంది. ఆ ముప్పావుగంటా ఎవరి చేతిలోనూ ఫోను లేదు.

ఆ చెరువు మాట నన్ను ఎక్కడికో తీసుకుపోయింది. మా అమ్మమ్మగారి ఊరు నల్గొండ పక్కన. ఎండాకాలం సెలవుల్లో ఊరి బయట తాటివనానికి వెళ్లేవాళ్లం. మా తాతయ్య, మేనమామలు, అమ్మమ్మ, అమ్మ, ఇద్దరు పెద్దమ్మలు, మేం తొమ్మిదిమంది పిల్లలం. మీలో తెలంగాణ పల్లెల నుంచి వచ్చినవాళ్లకు దీనిలో వింతేమీ ఉండదు. నీడన గొంగడి పరిచేవాళ్లు. కల్లు గీసే గౌడన్న ముస్తాదు బిగించుకుని, మోకు సవరించుకుని చెట్టెక్కుతుంటే మేం తలలెత్తి లెక్కపెట్టేవాళ్లం, ఎన్ని అడుగులకు పైకి చేరతాడా అని. లొట్టి దించుకుని వచ్చాక పెద్దవాళ్లు తాటాకు రేక పట్టుకునేవాళ్లు, ఆయన వంపేవాడు. పిల్లలకు నీరా. దాని లొట్టి లోపల సున్నం పూసి ఉంచుతారు, పులియకుండా.

కల్లు వంపడానికి ముందే ఆయన చేసే పని ఒకటుండేది. ముంజల గెల ముందేసుకుని, కాయ అడుగున పట్టుకుని కత్తితో పై చెక్కు ఒక్క వేటుకు ఎగరగొట్టేవాడు. మూడు కళ్లు బయటపడేవి. వరసగా చిన్నవాళ్ల నుంచి మొదలుపెట్టి పెద్దవాళ్ల దాకా ఇచ్చుకుంటూ వచ్చేవాడు. బొటనవేలు కంట్లోకి పోనిచ్చి తిప్పితే ముంజ జారి నోట్లోకి వచ్చేది. కాస్త గట్టిగా నొక్కితే నీళ్లు కళ్లలోకి చిమ్మేవి. ముదురు కాయ వస్తే పక్కనపెట్టి ఇంకోటి కొట్టేవాడు. లేత కాయలే పిల్లలవి. పిల్లలందరి చేతుల్లోకీ కాయలు వచ్చాకే లొట్టి ముట్టేవాడు. అప్పటిదాకా మా తాతయ్య కూడా రేక పట్టుకుని ఊరికే కూర్చునేవాడు.

అక్కడ మాకు ఉయ్యాల లేదు, జారుడుబల్ల లేదు. మాకోసం ఎవరూ ఏమీ కట్టలేదు. తెర కూడా లేదు. అమ్మమ్మ మగవాళ్ల పక్కనే కూర్చుని రేక పట్టేది. వారానికొకసారి ఇరానీ హోటల్లో తెర వెనక చాయ్ తాగిన మా అమ్మ, వనంలో కొంగు నడుముకు చుట్టుకుని పకపకా నవ్వడం నాకు బాగా గుర్తు. నాలుగు గోడలు లేని ఆ చోటే ఇన్నేళ్లూ నాకు కొలబద్ద. ఇంగ్లండు పలకను కూడా దాంతోనే కొలిచాను.

కానీ ఈ వారమంతా తల్చుకుంటుంటే, ఇన్నాళ్లూ నేను పక్కకు నెట్టేసిన సంగతి ఒకటి పైకొచ్చింది. పొద్దు వాలేసరికి గౌడన్న అమ్మమ్మ దగ్గరికొచ్చి, "పెద్దమ్మా, పొద్దువోతుంది, ఇగ పోరగాండ్లను తోల్కపోరి" అనేవాడు. ప్రతిసారీ. మేం ఏడ్చేవాళ్లం. అమ్మమ్మ ఒక్కమాట ఎదురు చెప్పేది కాదు. పొద్దున తియ్యగా ఉన్న కల్లు ఎండకు పులుస్తూ పులుస్తూ సాయంత్రానికి ఘాటెక్కుతుంది. పొలం పని ముగించుకుని అప్పుడు వచ్చేవాళ్లు వేరే. రోజంతా వంగి పనిచేసిన నడుములు, అప్పుల సంగతులు, చచ్చిపోయిన ఎద్దు సంగతి. అవన్నీ పిల్లలు వినే మాటలు కావు, పిల్లలున్నారని మింగేసే మాటలూ కావు. వాళ్లకూ ఆ చెట్ల నీడ కావాలి. పొద్దున్నే మా చేతిలో ముంజ పెట్టిన మనిషే సాయంత్రం మమ్మల్ని పంపేవాడు. ఆయన మమ్మల్ని కాదన్నాడని మాలో ఎవరికీ ఎప్పుడూ అనిపించలేదు. మర్నాడు ఎలాగూ వెళతాం.

గుమ్మంలోనే మనిషిని చూసి ఆపడం వేరు, వేళ చెప్పి పంపడం వేరు. బర్మింగ్‌హామ్‌ను ఆనుకుని ఉన్న స్మెథిక్‌లో మొదటిది ఎలా ఉండేదో ఇక్కడి పెద్దవాళ్లు చెబుతారు. 1960లలో అక్కడి పబ్బుల్లో తెల్లవాళ్లు కానివాళ్లను కొన్ని గదుల్లో కూర్చోనిచ్చేవాళ్లు కాదు. ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ దాని మీద పోరాడింది. వాళ్ల ఆహ్వానం మీద 1965 ఫిబ్రవరి 12న అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ వచ్చి, ఒక పబ్బులో వాళ్లతో కలిసి కూర్చున్నాడు. ఆ గదిలో మీకు తాగడానికి ఇవ్వడం కుదరదన్నారు. తొమ్మిది రోజులకు న్యూయార్క్‌లో ఆయన్ను కాల్చి చంపారు. ఆ ఏడాదే అలాంటి వివక్షను నిషేధిస్తూ చట్టం వచ్చింది. తర్వాతి కాలంలో ఆ చుట్టుపక్కల ఎన్నో పబ్బులను పంజాబీలు తీసుకున్నారు. దేశీ పబ్బులంటారు వాటిని. మా అబ్బాయి ఒకసారి తీసుకెళ్లాడు. సలసలలాడే పెనం మీద మిక్స్‌డ్ గ్రిల్ వస్తుంది. బీరు గ్లాసుల మధ్య నాన్ ముక్కలు తుంపుకుంటూ పిల్లలు, పక్కన సల్వార్ కమీజుల్లో నానమ్మలు. తమను రానివ్వని గదుల్లోకి వాళ్లు మూడు తరాలను తీసుకొచ్చి కూర్చోబెట్టారు. అది చూసినప్పుడు నాకు గొంతు పట్టేసింది.

ఆ పలకను తెరతో పోల్చి నేను పొరబడ్డాను. తెర ఏ వేళకూ తొలగదు. పలక మీది గంట అందరికీ ఒకటే.

గురువారం సాయంత్రం ఆరున్నరకు మళ్లీ వెళ్లాం. మా బల్ల పక్కన ఒక ముసలాయన, ఆయన కాళ్ల దగ్గర ఒక కుక్క. చిన్నోడు ఆ కుక్కకు తన బొమ్మకారు చూపిస్తున్నాడు. ఆయన ఓపిగ్గా ఆ కారు పేరు అడుగుతున్నాడు. ఏడున్నర దాటాక ఒక్కొక్కరే రావడం మొదలైంది. పని బట్టలతో ఇద్దరు, ఒంటరిగా ఒకావిడ. ముసలాయన గ్లాసు తీసుకుని కౌంటరు దగ్గరి ఎత్తు కుర్చీలోకి మారాడు. అక్కడ తన ఈడు మనిషి ఒకాయన అప్పటికే కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ తలలు దగ్గరపెట్టి నెమ్మదిగా ఏదో మాట్లాడుకుంటున్నారు.

ఎనిమిదికి ఇంకా పది నిమిషాలుంది. మా కోడలు లేవబోతే, "నువ్వు కూర్చోమ్మా, తాగడం కానియ్, మేం నడుస్తుంటాం" అన్నాను. చిన్నోడికి కోటు తొడిగి, మెడదాకా జిప్పు లాగాను. కౌంటరు వెనకావిడ వాడి పేరు పెట్టి పిలిచి చెయ్యి ఊపింది. వాడు కుక్క దగ్గరికి పరుగెత్తి, దాని చెవిలో ఏదో చెప్పి వచ్చి నా వేలు పట్టుకున్నాడు.